పిడి ఎవరి కొలత?

గాజుల దుకాణానికి వెళితే ముందు చెయ్యి చూస్తారు. రెండూ నాలుగా, రెండూ ఆరా, రెండూ ఎనిమిదా అని అడుగుతారు. అనుమానం వస్తే వేళ్లు దగ్గరికి మడిచి, ఒక గాజు ఎక్కించి చూసి గాని డజను కట్టరు. అదే వీధిలో నాలుగు అడుగులు వేసి స్టీలు సామాన్ల కొట్లో కత్తి అడిగితే ఎవరూ చెయ్యి చూడరు. చిన్నదా, పెద్దదా అంటారు. ఆ చిన్నా పెద్దా కత్తికే గాని పట్టుకునే చేతికి కాదు. ఆడదాని చేతికి అలంకారం దగ్గర అణా తేడాతో కొలత ఉంది. రోజుకి రెండు పూటలా పట్టుకునే పనిముట్టు దగ్గర ఏ కొలతా లేదు.

పనిముట్టు బరువుని, పిడి మందాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ బరువు చివరికి ఎవరి ఒంట్లో ఏ కీలు దగ్గర దిగుతోంది? ఇవి ఇంజనీర్ల ప్రశ్నల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం ఇవి న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఇనుముతో ఏం పని అని అడగవచ్చు. స్త్రీల రచనల్లో వంటింటిని చదవడంలోనే నా పరిశోధన కాలమంతా గడిచింది. విమల ‘వంటిల్లు’ కవిత చదివి పెరిగిన తరం మాది. వంటింటిని బందిఖానాగా, అదృశ్య శ్రమగా, జ్ఞాపకంగా, చిన్నపాటి అధికారంగా రకరకాలుగా చదివాం. అందులోని వస్తువుల్ని ప్రతీకలుగా చదివాం. ఒక వస్తువుని వస్తువుగా, ఇన్ని గ్రాములుగా, ఇన్ని మిల్లీమీటర్లుగా చదవడం మన విమర్శలో తక్కువ. కాబట్టి ఒక కత్తిని చేసి చదవాలనుకున్నాను.

మాది పెదవేగి. వేంగి రాజ్యానికి రాజధాని అని చరిత్ర పుస్తకాల్లో కనిపించే ఊరు. ఇప్పుడు ఏలూరు జిల్లాలో, ఆయిల్ పామ్ తోటల మధ్య ఒక మండల కేంద్రం. మా అమ్మకి 62 ఏళ్లు. కుడి మణికట్టూ, బొటనవేలి మొదటి కీలూ అరిగాయి. వంకాయలైతే తరుగుతుంది గాని కంద, గుమ్మడికాయ అంటే భయపడుతుంది. డాక్టరు బరువులు ఎత్తవద్దన్నారు. బిందెనీ, బియ్యం బస్తానీ అందరూ బరువుగా లెక్కేస్తారు. కత్తిని ఎవరు లెక్కేస్తారు?

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్న త్రీడీ ప్రింటర్, వాడు ఉద్యోగానికి వెళ్లాక ఇంట్లోనే ఉండిపోయింది. బల్ల మీద పట్టే యంత్రం. ప్లాస్టిక్ తీగని కరిగించి, సన్నటి ముక్కులోంచి పొర మీద పొర పోసుకుంటూ వస్తువుని పైకి లేపుతుంది. జంతికల గొట్టాన్ని కంప్యూటర్ తిప్పుతోందనుకుంటే చాలు. వినాయక చవితికి తెచ్చిన బంకమన్నులో మిగిలిన ముద్దని అమ్మ చేతిలో పెట్టి, కూర తరిగేటప్పటిలా పట్టుకోమన్నాను. ఆ ముద్ద మీద పడిన వేళ్ల గుంటల్ని కొలిచి, ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పిడి బొమ్మ గీశాను.

కీళ్లు నొప్పిగా ఉన్న చేతికి సన్నటి పిడి శత్రువు. గట్టిగా బిగిస్తే గాని అది చేతిలో నిలవదు. లావు పిడి అయితే తక్కువ బిగువుతో పట్టుకోవచ్చు. కాని స్టీలుతోనో చెక్కతోనో లావు చేస్తే బరువు పెరుగుతుంది. ప్రింటర్ లోపల తేనెపట్టులా ఖాళీ వదిలి, పైన పెంకు మాత్రం గట్టిగా కట్టగలదు. అందుకని లావూ తేలికా ఒకే పిడిలో కుదిరాయి. తేలిగ్గా దొరికే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది, పొయ్యి గట్టు మీద పనికిరాదు. అంతకంటే వేడికి ఓర్చుకునే పీఈటీజీ వాడాను. పొరల మధ్య గీతల్లో తడీ, కూర తునకలూ చేరి పాచిపోతాయి గనక పైన ఎపాక్సీ పూత పూశాను.

కత్తి బద్ద కోసం, ఇనుము కోసే మిషన్ రంపం పాత బ్లేడు ముక్క తెచ్చాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అరిగిపోయిన రంపం బ్లేడుకి గుడ్డ చుట్టి చాకు చేసుకోవడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ ఉక్కు సాన మీద వేడెక్కినా తొందరగా గట్టిదనం పోగొట్టుకోదు. మెలితిప్పితే మాత్రం పుటుక్కున విరుగుతుంది. నిమ్మరసం, చింతపండు తగిలితే మచ్చ పడుతుంది. మామూలు డ్రిల్లుతో దానికి చిల్లు పడదు. బ్లేడు చివర ముందే ఉన్న రంధ్రంలోంచి మేకు దూర్చి పిడిని బిగించాను. వెల్డింగ్ షాపులో గ్రైండర్ ముందు కళ్లద్దాలు పెట్టుకుని నిలబడి, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పళ్లు అరగదీసి, పదును తీశాను. పూర్తయ్యాక వంటింటి కాటా మీద పెడితే 68 గ్రాములు తూగింది. బజారులో కొన్న పాత కత్తి 140 గ్రాములు. అమ్మ మొదట ‘బొమ్మలా ఉందే’ అంది. సొరకాయ తరిగి చూసి, ‘దీన్నిండా నా చెయ్యే ఉంది’ అంది.

ఇక్కడితో ఆపితే ఇదొక ఇంటి ముచ్చట. కాని ఆ కత్తి ఇంకో చేతిలోకి వెళ్లగానే ఇంకో మాట చెప్పింది. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి, ఏలూరు మార్కెట్లో చేపలు కోసే ఒకావిడ మాకు వరసకి అత్త లెక్క. ఆమెకి ఇచ్చాను. తిప్పి చూసి, ‘బీరకాయలకి బాగుంటదమ్మాయ్. నా పని దీంతో అవదు’ అంది. ‘ఇదివరకు జెల్లలూ, చిన్న చేపలూ. బూడిద రాసి గీరితే అయిపోయేది. ఇప్పుడన్నీ చెరువుల చేపలు. బొచ్చె, శీలావతి, ఒక్కోటి రెండేసి కిలోలు. ముల్లు తెగాలంటే బరువుండాల’ అని కూడా అంది.

ఆమె చెప్పిన ఆ బరువు ఎక్కడుందో చూడండి. ఆమె వాడేది కత్తిపీట. పీటని కాలితో అదిమి కూర్చుంటుంది. కత్తి నిలబడి ఉంటుంది, చేప కదులుతుంది. రెండు చేతులూ చేపని పట్టుకుని పదును మీదికి తోస్తాయి. ఇనుము బరువంతా పీట మీదుగా నేలలోకి పోతుంది గనక మణికట్టు బతికిపోతుంది. ఎన్నో తరాల ఆడవాళ్లు చేతికి బరువు లేకుండా కోసే దారి ఒకటి అప్పటికే ఉంది. అయితే అది ఊరికే రాలేదు. పొద్దుటి నుంచీ గొంతుక్కూర్చున్న మోకాళ్లూ, వంగిన నడుమూ దాని ఖరీదు కడుతున్నాయి. మన ఇళ్లలోకి నిలబడి వండే గట్టు వచ్చాక కత్తిపీట అటకెక్కింది, మోకాళ్లకి సుఖం వచ్చింది. అప్పటిదాకా నేల మోసిన బరువు మణికట్టుకి వచ్చింది. మా అమ్మ బొటనవేలి కీలు ఆ మార్పుకి ఒక లెక్క.

కాబట్టి తేలిక అనేది దానంతటది మంచిదీ కాదు, బరువు దానంతటది చెడ్డదీ కాదు. ప్రతి పనిముట్టూ ఒక నిర్ణయం. ఏ కీలు ఖరీదు కట్టాలో అది నిర్ణయిస్తుంది. కట్టేవాళ్లని అడిగి ఆ నిర్ణయం చేశారా లేదా అన్నదే నైతికమైన ప్రశ్న.

ఈ ప్రశ్న వంటిల్లు దాటి మా ఊరి తోటల్లోకి వెళితే కూలీ డబ్బుల ప్రశ్న అవుతుంది. పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధనా కేంద్రం పెట్టారు. ఇప్పుడది భారత ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు ఉలి లాంటి పనిముట్టుతో గెల కాడని పొడిచి కోస్తారు. చెట్టు ఎదిగాక పొడవాటి గడ చివర కొడవలి బిగించి కింద నుంచి లాగుతారు. నేను చూసిన తోటల్లో ఈ కోత మగవాళ్ల పని. గెల నేల మీద పడి చెదిరినప్పుడు రాలిన పళ్లని వంగి ఏరడం ఆడవాళ్ల పని. బాగా పండిన పండే రాలుతుంది, నూనె ఎక్కువుండేది దాంట్లోనే. అయినా కోతకిచ్చే కూలి ఏరుడుకి ఇవ్వరు. ఎందుకని అడిగితే గడ బరువు అంటారు.

గడ బరువుని దేవుడు పెట్టలేదు. వెదురు గడ పోయి అల్యూమినియం గడ వచ్చింది. అంటే బరువు తగ్గించడం సాధ్యమేనని, అవసరమైనప్పుడు తగ్గించారని తేలుతోంది. తగ్గినప్పుడు ఆ పని ఆడవాళ్ల చేతికి వచ్చిందా? రాలేదు. మగవాళ్లకి సులువైంది, అంతే. కారణం మాయమైనా ఫలితం అలాగే ఉంటే అది కారణం కాదు, సాకు. రోజంతా ఏరి, గంపకెత్తి, గట్టు దాకా మోసిన పళ్ల బరువు మొత్తం ఎంతో ఎవరైనా కాటా వేశారా? ఆ బరువు బలం కింద లెక్కకి రాదు, ఓర్పు కింద లెక్కకి వస్తుంది. బలానికి కూలి ఉంది, ఓర్పుకి పొగడ్త ఉంది.

లండన్ పత్రికల్లో అచ్చు కూర్చే కార్మికుల మీద సింథియా కాక్‌బర్న్ చేసిన పరిశోధన 1981లో ‘ఫెమినిస్ట్ రివ్యూ’లో వ్యాసంగా, 1983లో ‘బ్రదర్స్’ అనే పుస్తకంగా వచ్చింది. సీసపు అక్షరాలు బిగించిన చట్రం బరువుని చూపించి ఆ పని ఆడవాళ్లది కాదన్నారు. ఆ చట్రం అంత బరువుగానే ఎందుకుండాలని ఆమె అడిగింది. గడ్డి మోపు సైజూ, సిమెంటు సంచి సైజూ ప్రకృతి ఇచ్చినవి కావని, వాటి వెనక ఒక రాజకీయం ఉందని చూపించింది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. పాతిక కిలోల సంచిలో పోస్తే సిమెంటు గట్టిపడదా?

ఆడవాళ్ల కొలతలు తెలియక ఇలా జరుగుతోందని అనడానికి లేదు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ మన దేశంలో వ్యవసాయ కార్మికుల శరీర కొలతల్నీ, కండబలాన్నీ స్త్రీలకీ పురుషులకీ విడివిడిగా కొలిచిన వివరాలు 2009లో పుస్తకంగా వచ్చాయి. భువనేశ్వర్‌లో వ్యవసాయ స్త్రీల కోసమే ఒక జాతీయ పరిశోధనా కేంద్రం 1996 నుంచీ పని చేస్తోంది. కొలతలు కాగితం మీద ఉన్నాయి. కాగితం మీంచి కొడవలి పిడి దాకా రావాలంటే, ఆ పిడి పట్టుకునే మనిషికి అడిగే హక్కు ఉండాలి. మంచిది కావాలని అడిగితే రేపు పని ఉండదేమోనని భయపడే కూలీకి సగటు కొలతల పట్టిక ఏం చేస్తుంది?

స్త్రీల కోసం తేలికైన ఇనుము గురించి మన దేశం ఆలోచించిన సందర్భం ఒకటుంది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే రివాల్వర్‌ని స్త్రీల కోసమని విడుదల చేసింది. టైటానియం మిశ్రమ లోహం, 500 గ్రాములు, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. 2013 జనవరిలో ముంబైలో శివసేన స్త్రీలకి చాకులు పంచింది. హ్యాండ్‌బ్యాగులో పట్టాలి గనక తేలిగ్గా ఉండాలన్న ఆలోచన అక్కడ వెంటనే వచ్చింది. చేపల మార్కెట్లో ఆ ఆలోచన ఎవరికీ రాదు. స్త్రీని భయపడే మనిషిగా ఊహించగానే ఆమె చేతి కొలత గుర్తొస్తుంది, పనిచేసే మనిషిగా ఊహించినప్పుడు గుర్తురాదు. నేను కత్తి చేశానని చెప్పినప్పుడు విన్నవాళ్లలో ఎక్కువమంది అడిగిన మొదటి ప్రశ్న కూడా ‘ఎందుకూ, ఎవరైనా వెంటపడుతున్నారా?’ అనే. మన ఆయుధాల నియమాలు ఈ విషయంలో మనుషులకంటే నయం. 9 అంగుళాల కంటే పొడవైన, 2 అంగుళాల కంటే వెడల్పైన కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేరుస్తూనే, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించాయి. కత్తి దేనికోసమన్నది ముందు చూడాలని ఆ నియమానికి తెలుసు.

ఇక ఈ పని మీద గట్టిగా నిలబడే అభ్యంతరం ఒకటుంది, అది స్త్రీవాదులే అడిగేది. అమ్మకి తేలిక కత్తి చేసివ్వడమంటే అమ్మే తరగాలని మళ్లీ ఒకసారి ఖాయం చెయ్యడం కాదా? రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ ఈ సంగతి అమెరికా ఇళ్ల చరిత్రలోంచి చెప్పింది. ఇనప పొయ్యి వచ్చాక కట్టెలు తక్కువ పట్టాయి. కట్టెలు కొట్టడం మగవాళ్ల పని గనక వాళ్ల శ్రమ తగ్గింది, పొయ్యి ముందు నిలబడ్డ ఆడమనిషి శ్రమ తగ్గలేదు. మన మిక్సీ కథా ఇంతే. రుబ్బురోలు పోయింది, దాంతోపాటు ‘రోజుకో పచ్చడి కష్టం కదా’ అనే మినహాయింపూ పోయింది. పనిని సులువు చెయ్యడం పని ఎవరిదన్న ప్రశ్నని నిద్రపుచ్చగలదు. ‘ఇంత తేలిక కత్తి ఉండగా ఇంకేం కష్టం?’ అనే మాట మా ఇంట్లోనూ వినబడింది.

ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. నొప్పి ఉన్న చేతికి ఇవాళ ఉపశమనం కావాలి. పని పంచుకునే రోజు వచ్చేదాకా ఆ చెయ్యి ఓర్చుకోవాలని సిద్ధాంతం పేరుతో చెప్పడం ఇంకో రకం క్రూరత్వం. అందుకని గీసేటప్పుడే ఆ పిడిని నాలుగు అంకెలుగా గీశాను: అరచేతి వెడల్పు, పట్టు చుట్టుకొలత, చూపుడువేలి చోటు, పొడవు. అంకెలు మారిస్తే పిడి మారుతుంది. అమ్మ పిడి అయిన మర్నాడే నాన్న చెయ్యి కొలిచాను. ఆయన పిడి వెడల్పు ఎక్కువ, 81 గ్రాములు వచ్చింది. ఇప్పుడు గట్టు మీద రెండు కత్తులున్నాయి. తన కొలతకి చేసిన కత్తి ఉన్న మనిషి ‘నాకు చేతకాదు’ అనడం కొంచెం కష్టం. నాన్న కంద కోస్తున్నారు. ప్రతిరోజూ కాదు. ఒక పిడి పితృస్వామ్యాన్ని కదిలిస్తుందని నేను అనడం లేదు. పనిముట్టు ఎవరి కొలతకి ఉంటే పని వాళ్లదని ఇల్లంతా అనుకుంటుంది గనక, కొలతల్ని పెంచడం కూడా పని పంచడంలో భాగమే అంటున్నాను.

ఇంకొక్క లెక్క మిగిలింది. బల్ల మీద యంత్రంతో కత్తి చేస్తే నన్ను ‘మేకర్’ అంటారు, ‘ఇన్నోవేషన్’ అంటారు. అదే పని కొలిమి దగ్గర చేస్తే కులవృత్తి అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకి ప్రపంచం డమాస్కస్ పేరు పెట్టుకుంది గాని చేసినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. మా ఊళ్లో ఒకప్పుడున్న కమ్మరి, కొడవలి చెయ్యమంటే ముందు ‘ఎవరు పడతారు?’ అని అడిగేవాడట. ‘నువ్వా, మీ ఆవిడా?’ అని అడిగి దాన్నిబట్టి వంపూ పిడీ చేసేవాడట. ఆ రోజుల్ని బంగారం చెయ్యక్కర్లేదు. కమ్మరికి మేర కొలిచేది భూమి ఉన్న రైతు. కొలత అడిగించుకునే గౌరవం ఊరి చివరి పేట నుంచి వచ్చిన కూలీకి దక్కేది కాదు. కొలిమి దగ్గర గాలిచక్రం తిప్పిన ఆయన భార్యని ఎవరూ కమ్మరి అనలేదు. ఇప్పుడు కొలతకి చేసుకునే అవకాశం మళ్లీ వచ్చింది, ఈసారి ప్రింటరూ, ఇంగ్లీషూ, తీరికా ఉన్న నాలాంటి వాళ్లకి. ఎప్పుడూ కొలత దక్కని చేతులకి ఈసారైనా దక్కకపోతే, నా 68 గ్రాములు ఇంకో రకం గాజు మాత్రమే.

అందుకే మార్కెట్లో చేపలు కోసే అత్తనే అడిగాను, నీకేం కావాలో చెప్పమని. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ‘కత్తి జోలికి రాకు. నేను కూర్చునే చోటు మార్చు’ అంది. కత్తిపీట అలాగే ఉండాలి, దాని బరువు అలాగే ఉండాలి, కాని అది నడుము ఎత్తు బల్ల మీద బిగిసి, తను ఎత్తు పీట మీద కూర్చుని కోసేలా ఉండాలి. నీళ్లూ పొలుసూ ముందుకి జారిపోవాలి. రాత్రి ఎవరూ ఎత్తుకుపోకుండా విడదీసి ఇంటికి పట్టుకెళ్లేలా ఉండాలి. పక్కన కూర్చునే ఇద్దరికీ ఒకేసారి చెయ్యాలి, తనొక్కదానికే చేస్తే తగవులొస్తాయి. ఇన్ని షరతులూ ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు గాని, జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఆ ముగ్గురి మోకాళ్ల ఎత్తూ, చేతుల పొడవూ నా నోటుబుక్కులో రాసి ఉన్నాయి. దీనికి నా ప్రింటర్ చాలదు. వడ్రంగి కావాలి, ఇనుము కావాలి, మార్కెట్లో చోటు కోసం ఎవరినో అడగాలి. వచ్చే వారం ఆ ముగ్గురితో కలిసి వెళుతున్నాను.